మూడో సిలిండర్ దగ్గర

రొయ్య ధర పలికిన ఏడు కొన్నాడంట
ఇందుకూరుపేట భక్తవత్సల రెడ్డి ఈ ఎర్ర కారుని.
రెండే సీట్లు. నేలని నాకేంత ఎత్తు.
తెల్లమచ్చ తెగులొచ్చి గుంటలు ఎండినాక
మేత బస్తాల పక్కన రేకుల షెడ్డులో
పదకొండేళ్లు పడుకుంది.
నిన్న ట్రాక్టరుకి కట్టి లాక్కొచ్చి
నెల్లూరు ఆటోనగర్లో నా ముందు వదిలాడు.
"స్టార్టవుతుంది జిలానీ. భయమేసి తాడు కట్టా.
పెట్రోలు వాసన. మా ఆవిడ ఎక్కనంటా ఉండాది."

వాసన.
నేను తలూపాను.
ముక్కు పోయి నాలుగేళ్లయిందని
ఆయనకెట్టా చెప్పేది?
ఆ జ్వరాల ఏడు పడుకుని లేచాను.
నాలుక తిరిగొచ్చింది, సగం.
ముక్కు రాలేదు.
చేపల పులుసు నాకిప్పుడు వేడి, పులుపు, అంతే.
పెట్రోలంటే
నీళ్లకన్నా చల్లగా తగిలి
చూస్తుండగానే ఆరిపోయే తడి.

గేటు పక్క పూలమ్మే మస్తానమ్మని పిలిచాను.
నిన్నటి మల్లెని ఇవాళ్టి మల్లెలో కలిపితే
మూట విప్పకముందే చెప్పే ముక్కు అది.
"కారుకి నా ముక్కెందుకయ్యా" అంటానే వచ్చింది,
నారపోగు ఇంకా వేలికి చుట్టుకునే ఉంది.

తాళం సగం తిప్పాను.
వెనక ట్యాంకులో పంపు రెండు క్షణాలు గునిసింది.
ఆమె ఇంజను మీదికి వంగింది.
"ఈడ లేదు...
ఈడ కొంచెం...
ఇదిగో, దీని గొంతు కాడ!"
మూడో సిలిండర్.
పాత క్యాలెండర్ కాగితం చింపి ఆనించాను.
రూపాయి బిళ్లంత తడి.

పంపు ఫ్యూజు పీకి, ఇంజను ఆడనిచ్చి
గొట్టంలో ఒత్తిడి దానంతటదే చచ్చేదాకా ఆగాను.
ఆగనివాడి చేతులు ఎట్టుంటాయో
మా గురువు నన్నేసాబు మోచేతులు చూసి నేర్చుకున్నా.
బ్యాటరీ విప్పి, రైలు బోల్టులు సడలించి
అటూ ఇటూ ఊపుతూ లేపితే
పాలపళ్లలా ఊడొచ్చాయి
నాలుగు ఇంజెక్టర్లూ.

వాటి రబ్బరు రింగులు
ఎండబెట్టిన కాకర చక్రాల్లా ఉన్నాయి.
గోరు తగిలితే చిట్లాయి.
సముద్రపు ఉప్పుగాలి, పెట్రోల్లో కలిపే చెరకు సారా,
వీటి మధ్య పదకొండేళ్లు కదలకుండా
ఒకే గొట్టాన్ని పట్టుకుని ఉండటం...
రబ్బరుని నేనేమీ అనను.

సామాను దొరకదన్నాడు షాపు పిల్లోడు,
కారు పేరు పలకడానికే రెండుసార్లు తడబడి.
వెర్నియర్ పెట్టి నేనే కొలిచాను.
ఆ కొలతకి ఆకుపచ్చ రింగులు
చెన్నై నించి రాత్రి బస్సులో వచ్చాయి.
ఎనిమిది. ఒక అగ్గిపెట్టెలో.
ఇంజను నూనెలో ముంచి ఒక్కోటీ ఎక్కించాను
మెలిక పడకుండా
బాలింత చేతికి గాజు ఎక్కించినట్టు.

మళ్లీ తాళం సగం. పంపు గునుపు.
కాగితం నాలుగు గొంతులకీ ఆనించాను. పొడి.
అయినా నమ్మలేదు.
"అక్కా!"
వంగింది. కళ్లు మూసుకుంది.
చాలాసేపు.
"ఏమీ లేదు."
"బాగా చూడు."
"ఏమీ లేదంటే! గ్రీజుంది, దుమ్ముంది,
ఎప్పుడో ఎలక పిల్లల్ని పెట్టినట్టుంది.
పెట్రోలు మాత్రం లేదు."

ఏమీ లేదు.
నాలుగేళ్లుగా నేనూ అంటున్న మాటే ఇది,
మల్లెపూలకి, బిర్యానీ దమ్ముకి,
నా మనవడి నడినెత్తికి.
ఆమె ఏమీ లేదులో
ఎన్ని ఉన్నాయో చూడండి.

రెడ్డి వచ్చాడు. కారు గర్జించింది.
ఆయన భార్య ముందు ముక్కు పెట్టి, తర్వాత కాలు పెట్టి
ఎక్కి కూర్చుని రెండు మూరల పూలు బేరమాడింది.

"నీ కూలెంతక్కా?" అన్నాను.
"కూలి వద్దులే. ఇంట్లో మూడు రోజుల్నించీ
స్టవ్వు గొట్టం కారతా ఉండాది.
వాసన నాకు తెలస్తాది గానీ
బిగించను తెలీదు."

సాయంత్రం రెంచీతోపాటు
సబ్బునీళ్లు కలుపుకుని పోయాను.
గొట్టమంతా పూసి, దీపం కాదు, టార్చి వేసి చూస్తే
రెగ్యులేటర్ మెడ దగ్గర
ఒక బుడగ లేచింది, పగిలింది, మళ్లీ లేచింది.
నా కంటికి కనపడే వాసన
అదొక్కటే.